స్లరీనా పులిసిన ఏడాది

మా మోంతాల్దీనోలో ద్రాక్ష కోతలు మొదలైన సాయంత్రం తాళంచెవులు ఇళ్ళు మారతాయి. ఎవరి ఇన్ఫెర్నోత్ తాళంచెవి వాళ్ళింట్లో ఉండకూడదు, పొరుగింట్లో ఉండాలి. నవంబరులో సాన్ మార్తీనో పండగ నాడు మళ్ళీ సొంతింటికి చేరుతుంది. జవత్తారో వాళ్ళది ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ కాలంలో మా అత్తగారి దగ్గర, కోడలు క్లేలియా కాపురానికి వచ్చాక నా దగ్గర.

ఇన్ఫెర్నోత్ అంటే నేలమాళిగకి కూడా కింద, రాతిని తొలిచి చేసిన చిన్న గది. కిటికీ ఉండదు, గాలి ఆడదు. మంచి సీసాలు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండాలని మా ముత్తాతలు చలికాలాల్లో పనీపాటా లేక కూర్చుని తొలుచుకున్నవి. ఇన్ఫెర్నో అంటే నరకం, అది పేరులోనే ఉంది. పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు.

పులిసే ద్రాక్షరసం ఊపిరి వదులుతుందని మా మామగారు చెప్పేవారు. దానికి రంగు లేదు, మనిషికి పనికిరాదు, పైగా బరువు. నీళ్ళలాగే పల్లం వెతుక్కుంటూ పోతుంది. అది నిండిన గదిలోకి దిగినవాడికి ఏదో తేడాగా ఉందని తెలిసేలోపే మోకాళ్ళు మడత పడతాయి. వాణ్ణి లాక్కొద్దామని దిగినవాడు వాడి పక్కనే పడతాడు. మా శ్మశానంలో ఒకే రాయి మీద ఒకే తేదీతో ఇద్దరు అన్నదమ్ముల పేర్లున్నాయి. పక్కనే వాళ్ళ బావ పేరు, అదే తేదీ. ఆ తర్వాతే ఊరు ఈ తాళంచెవుల పద్ధతి పెట్టుకుంది. తాళంచెవి ఇంట్లో ఉంటే ఏదో ఒక అవసరం వస్తుంది, చుట్టాలొస్తారు, మంచి సీసా కావాలనిపిస్తుంది. పొరుగింటికి వెళ్ళి అడగాలంటే మాత్రం సిగ్గేస్తుంది.

నా నోరు మంచిది కాదని ఊళ్ళో అందరూ అంటారు. అననివ్వండి. ఈ సంగతి వేరేవాళ్ళు చెబితే మిలాన్ నుంచి వచ్చిన బ్రీవియోని రాక్షసుణ్ణి చేస్తారు, లేకపోతే అంతా దేవుడి రాత అని చేతులు దులుపుకుంటారు. రెండూ అబద్ధాలే.

చర్చి ఎదురుగా ఉన్న హోటలు నాది. ముందు గదిలో సరుకుల కొట్టు, వెనక గదిలో ఆరు బల్లలు. ఒట్టావియో బ్రీవియో ఒక మార్చి నెలలో దారి తప్పి అక్కడికొచ్చాడు. మిలాన్‌లో వైన్ కొట్టు ఉందట. పేరున్న వైన్లన్నీ డబ్బున్నవాళ్ళకే అందుతున్నాయని, మామూలు జీతగాళ్ళు రోజూ భోజనంతో తాగగలిగే మంచి వైన్, ఎవరూ పేరు కూడా వినని ద్రాక్షతో చేసినది, ఊరూరా వెతుకుతున్నానని చెప్పాడు. నేను ముందు నమ్మలేదు. బూట్లు చూస్తే పన్నులవాడిలా ఉన్నాడు.

భోజనంలోకి నేను పోసింది క్లేలియా మొగుడు ఎవాజియో జవత్తారో చేసిన స్లరీనా. అందులో గొప్పేమీ లేదు, నా దగ్గర ఎప్పుడూ ఉండేది అదే. స్లరీనా ద్రాక్ష పండు చిన్నది, తోలు మందం, రసం తక్కువ. పండించడం దండగని మా నాన్న కాలంలోనే ఊరంతా పీకేసి బార్బేరా ద్రాక్ష వేసుకుంది. ఎవాజియో ఒక్కడే మొండిగా తాత నాటిన వరసలు ఉంచుకున్నాడు. ఎందుకు ఉంచావయ్యా అంటే, పీకడానికి బద్ధకం అనేవాడు. పెద్ద గాజు బుడ్డీలో తెచ్చి నా కొట్లో దించి పోయేవాడు. ధర సోడాకీ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు.

బ్రీవియో ఒక గుక్క తాగి ఫోర్కు పక్కన పెట్టాడు. రెండో గుక్క తాగి ఇదేమిటని అడిగాడు. మిరియం వాసన, ఎండిన గులాబీ వాసన అని ఏవో చెప్పుకుంటూ పోయాడు. నాకు ద్రాక్ష వాసన తప్ప ఏదీ రాలేదుగానీ ఆయన మొహంలో వెలుగు మాత్రం నిజం. ఇది చేసినాయన దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. ఏప్రన్ విప్పి నేనే తీసుకెళ్ళాను. తీసుకెళ్ళినందుకు నన్నేమీ అనకండి. వాన కురిసిందని మబ్బుని ఎవరూ నిలదీయరు కదా.

ఆ వేసవికల్లా ఎవాజియో వైన్ మిలాన్‌లో దొరకడం మొదలైంది. సీసా మీద చీటీ అంటించి, దాని మీద స్లరీనా అని రాసి, అందరూ కొనగలిగే ధరకే అమ్మాడు బ్రీవియో. మాట తప్పలేదు. పేరు తెలియని ద్రాక్ష, చవకైన సీసా, మంచి రుచి అంటే జనం ఎగబడ్డారు. నిరుటి సరుకంతా ఆగస్టుకల్లా ఖాళీ అయింది. వచ్చే ఏడాదికి రెండింతలు చెయ్యమని కబురొచ్చింది. ఎవాజియో మాటలు తక్కువ మనిషి. అలాంటివాడు బజారులో నలుగుర్నీ ఆపి, దండగ ద్రాక్ష అన్నారు కదరా అని నవ్వడం మొదలెట్టాడు. ఇన్నేళ్ళూ వెక్కిరింపులు మింగాడు, ఆ మాత్రం నవ్వుకోనివ్వాలనిపించింది నాకు.

కొడుకు సిల్వానో పట్నంలో, కాసాలేలో, ఫ్యాక్టరీ పని మానేసి ఇంటికొచ్చేశాడు. ముప్పై దాటిన మనిషి, మెతక. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. వాడు ఇంటికి రావడమే క్లేలియాకి పెద్ద పండగ. పొద్దున్నే నా కొట్టుకొచ్చి రొట్టెలు రెండు ఎక్కువ కొనేది. వాడి ఆకలి చూస్తే భయమేస్తోందని నవ్వేది. ఆమె అంత నవ్వడం నేను అప్పుడే చూశాను.

అప్పటిదాకా ఎవాజియో రసం పులియబెట్టేది పెరట్లో, మూడు వైపులా గోడల్లేని పాకలో. అక్కడ వదిలిన ఊపిరి గాలికి కొట్టుకుపోయేది. ఆ ఏడు పిట్టలకి వదిలేసే గుత్తులు కూడా కోసి రెండింతలు చేస్తుంటే పాక చాలలేదు. నేలమాళిగలో చలీ వేడీ సమానంగా ఉంటాయి, వైన్ ఇంకా బాగుంటుందని బ్రీవియో అన్నాడట. ఎవాజియో రెండు పెద్ద కొయ్య తొట్లు కొని నేలమాళిగలో దించాడు. అవి పెట్టిన చోటికి నాలుగడుగుల దూరంలో, మూలన, ఇన్ఫెర్నోత్ తలుపు ఉంది. తలుపు తీస్తే మెట్లు కిందికి దిగుతాయి.

కోతల మొదటి సాయంత్రం క్లేలియా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఊరికే పెట్టి వెళ్ళలేదు, నా వేళ్ళు మూసి గట్టిగా నొక్కింది.

“ఈసారి ఆయనొచ్చి అడుగుతాడు. ఇవ్వకు,” అంది.

“ఎప్పుడైనా ఇచ్చానా?”

“ఎప్పుడూ ఆయన అడగలేదు కదా.”

అదీ నిజమే. ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. జవత్తారో ఇంట్లో ఎవరో ఒకరు సాన్ మార్తీనో కంటే ముందు ఆ మెట్లు దిగుతారని నా మనసు చెబుతూనే ఉంది.

అక్టోబరు వచ్చింది. పొద్దున్నే పొగమంచు వీధిలోకి దిగి మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. ఊరంతా పులుపు వాసన. జవత్తారో ఇంటి ముందు నుంచి నడిస్తే కాళ్ళ కింద తొట్లు బుడబుడలాడటం వినిపించేది. నేలమాళిగ కిటికీ వీధి అంచుకే ఉంటుంది. అక్కడ ఎప్పుడూ పడుకునే వాళ్ళ పిల్లి తన కూనల్ని నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నీ అటక మీదికి చేర్చింది. మాళిగ నేల మీద చచ్చిన ఎలుకలు కనిపిస్తున్నాయని క్లేలియా చెప్పింది. మందు పెట్టారా అని అడిగాను. పెట్టలేదంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని బఠాణీల ధర గురించి మాట్లాడుకున్నాం. భయం వేసినప్పుడు ఆడవాళ్ళం అలాగే మాట్లాడుకుంటాం.

ఆ ఇంటి మగవాళ్ళిద్దరికీ తెలియక కాదు. నిలబడి పనిచేసినంతసేపూ ఏమీ కాదని, కిటికీ తీసి ఉంచుతున్నామని, రోజూ పొద్దున్న ముందు కొవ్వొత్తి దించి చూస్తున్నామని సిల్వానో నాకు నచ్చజెప్పాడు. మోకాళ్ళ కింద కొవ్వొత్తి ఆరిపోతోందట. అది కూడా నవ్వుతూనే చెప్పాడు. వంగి ఏదైనా తీసుకోవలసి వస్తే ఎలాగరా అంటే, నేను వంగను డెల్ఫీనత్తా, నా నడుము అసలే పెళుసు అన్నాడు. చిన్నప్పటి నుంచీ నన్ను అత్తా అనే పిలిచేవాడు.

ఆ నెల మూడో వారంలో ఎవాజియో నా కొట్టుకొచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. టోపీ తీశాడంటే ఏదో అడగడానికే వచ్చాడని నాకు అర్థమైంది. ఆదివారం బ్రీవియో మిలాన్ నుంచి ఇద్దరు హోటలు యజమానుల్ని తెస్తున్నాడట. వాళ్ళకి కొత్త వైన్ కాదు, పాతది కావాలి. స్లరీనా పదేళ్ళు ఆగితే ఎలా ఉంటుందో చూస్తారట. నచ్చితే ఇక ప్రతి ఏడూ తీసుకుంటారు, సిల్వానో మళ్ళీ ఫ్యాక్టరీ మొహం చూడక్కర్లేదు. ఆ పాత సీసాలు ఉన్నది ఇన్ఫెర్నోత్‌లో.

సాన్ మార్తీనో అయ్యాక రమ్మని చెప్పు అన్నాను. పెద్ద ఊళ్ళ వాళ్ళకి మన పండగలతో పనేముంది అన్నాడు. పనుంటుంది, నువ్వు చెప్పి చూడు అన్నాను. వాళ్ళు నవ్వుతారన్నాడు. అసలు బాధ అదే. ఇన్నేళ్ళు ఊరు నవ్వింది, ఇప్పుడు మిలాన్ నవ్వకూడదు.

“నా ఇంటి తాళంచెవి నన్ను అడుక్కోమంటావా?” అన్నాడు చివరికి.

“అడుక్కున్నా ఇవ్వను. ఆ రాయి మీద పేర్లు చదువుకుని రా, అప్పుడు మాట్లాడదాం.”

“అవి ముసలమ్మల కబుర్లు. గది తలుపు మూసుంది, తాళం వేసుంది. మూసిన గదిలోకి నీ దెయ్యం ఎలా దూరుతుంది?”

“తెరిస్తే దూరుతుంది.”

“ఒక్క నిమిషం పని.”

“వాళ్ళూ ఒక్క నిమిషమనే దిగారు, ఎవాజియో.”

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ కొట్టు తలుపు దగ్గరగా వేశాడు, కోపంతో విసిరి కొట్టలేదు. విసిరి కొట్టినా బాగుండేది. అరిచే మనిషి అక్కడితో వదిలేస్తాడు, మెల్లగా తలుపు వేసేవాడు ఇంకో దారి చూసుకుంటాడు. ఆ సాయంత్రం సిల్వానోని పిలిచి మీ నాన్నని కనిపెట్టుకుని ఉండరా అని చెప్పాను. సరే అత్తా అన్నాడు. వాడు ఎవరికైనా సరే అనే అంటాడు, వాళ్ళ నాన్నకి కూడా.

ఆదివారం వచ్చింది. పూజ అయ్యాక జనం నా హోటలు నిండారు. మిలాన్ వాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు, బ్రీవియో మాత్రం ముందే వచ్చి కూర్చున్నాడు. నేను వంటగదిలో పిండి ముద్దల్లో మాంసం కూరుతున్నాను. బల్లల గదిలో ఒక్కసారిగా చప్పట్లు వినిపించాయి. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే ఎవాజియో నిలబడి ఉన్నాడు. చంకలో బూజు పట్టిన సీసాలు రెండు. వాటిని తెచ్చి నా బల్ల మీద, నా ముందు పెట్టాడు.

తాళం ముట్టుకోలేదట. మేకులు పీకి, తలుపు బందులు ఊడదీసి, తలుపుని పక్కకి ఆనించాడట.

“దిగాను, తీసుకున్నాను, ఎక్కాను,” అన్నాడు. “చూడు, బతికే ఉన్నాను. కావాలంటే ముట్టుకుని చూడు డెల్ఫీనా.”

బల్లలన్నీ నవ్వాయి. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, మొహం ఎర్రగా మెరిసిపోతోంది. ఒక పక్క కోపం, ఇంకో పక్క గుండె తేలికపడింది. ఇన్నేళ్ళుగా నేను మోసిన భయమంతా ఉత్తదేనేమో, ఊరి ముందు వెర్రిదాన్నయ్యానేమో అనిపించింది. అయితే అయ్యాను, ప్రాణం దక్కింది చాలనుకున్నాను. క్లేలియా ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని మొగుడి మొహమే చూస్తోంది.

సీసా తెరిచారు. నాకూ పోశారు. కాదనలేదు. నిజం చెబుతున్నాను, అంత మంచి వైన్ నా జన్మలో తాగలేదు. బ్రీవియో కళ్ళు తుడుచుకున్నాడు. మామూలు మనిషి కొనగలిగే వైన్ ఇలా ఉంటుందని నేను చెబితే ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతారు అన్నాడు. ఆయన్ని చూస్తే ముచ్చటేసింది. మనిషికి ద్రాక్ష మీద అంత ప్రేమ ఉండటం తప్పు కాదు.

వచ్చేవాళ్ళకి ఆ గది చూపించగలమా అని బ్రీవియో ఎవాజియోని అడిగాడు. రాతిలో తొలిచిన గది కదా, చూసి తీరాలి అన్నాడు.

“ఎందుకు చూపించం? తలుపు తీసే ఉంచాను,” అన్నాడు ఎవాజియో. “ఏడాది పొడవునా మూసున్న గది, ముక్కిపోయింది. పొద్దుటి నుంచీ గాలి ఆడుతోంది. మీ వాళ్ళొచ్చేసరికి శుభ్రంగా ఉంటుంది. సిల్వానో బల్బు కూడా పెట్టాడు.”

నేను లోపలికి వెళ్ళి ముద్దలు మరిగే నీళ్ళలో వేశాను. అవి అడుక్కి మునిగాయి. నా మనసులో ఏదో కదులుతోంది, బయటికి రావడం లేదు. తలుపు తీసి ఉంచాడు. గాలి ఆడుతోంది. ఏ గాలి? మాళిగలో మోకాళ్ళ దాకా నిలిచి ఉన్న గాలే కదా. ఇన్నాళ్ళూ ఆ తలుపు దాన్ని బయటే ఆపింది. వాకిలి కడిగిన నీళ్ళు గుమ్మం దిగినట్టు అది పొద్దుటి నుంచీ ఆ మెట్ల మీదుగా కిందికి దిగుతూ ఉంది. పొద్దున్న ఎవాజియో దిగింది మంచి గాలి ఉన్న గదిలోకి. ఇప్పుడక్కడ ఉన్నది ఆ గది కాదు.

బల్లల గదిలోకి పరిగెత్తాను.

“సిల్వానో ఎక్కడ?”

ఎవాజియో గ్లాసు ఎత్తబోతూ ఆగాడు. “ఇంకో ఆరు సీసాలు తెమ్మని పంపాను. వచ్చేస్తాడు.”

“ఎంతసేపైంది?”

క్లేలియా లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. నేను ఏమీ చెప్పకుండానే ఆమెకి అర్థమైంది. మేమిద్దరం ముందు, ఎవాజియో మా వెనక, వాడి వెనక బ్రీవియో, సగం ఊరు. పొగమంచులో పరిగెత్తాం. నేను దారి పొడవునా ఒక్కటే అరుస్తున్నాను, ఎవరూ వంగకండి, ఎవరూ కిందికి దిగకండి అని.

మాళిగలో తొట్లు బుడబుడలాడుతున్నాయి. ఇన్ఫెర్నోత్ తలుపు గోడకి ఆనించి ఉంది. తలుపు లేని గుమ్మంలో నుంచి కరెంటు బల్బు వెలుగు పైకి పడుతోంది. కొవ్వొత్తి అయితే ఆరిపోయి చెప్పేది. బల్బుకి ఏం తెలుసు, అది వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో, మెట్ల కింద, సిల్వానో పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. చేతి కింద సీసా, పగల్లేదు. నిద్రపోయిన మనిషి లాగే ఉన్నాడు. అంత దగ్గరగా ఉన్నాడు. చెయ్యి చాపితే అందుతాడేమో అనిపించేంత దగ్గర.

ఎవాజియో నన్ను నెట్టేసి దిగాడు. మూడో మెట్టు మీదే వాడి తల వాలింది. నేనూ క్లేలియా ఒకరు కోటు, ఒకరు బెల్టు పట్టుకుని వెనక్కి లాగాం. ఎలా లాగామో నాకు తెలియదు. బ్రీవియో వచ్చి చంకల కింద చేతులు వేసి మాతోపాటు ఈడ్చాడు. పెరటి గుమ్మం దాకా తీసుకొచ్చి పడేశాం. నా కొట్టుకెళ్ళి అగ్నిమాపక దళానికి ఫోను చెయ్యమని బ్రీవియోని తరిమాను. వెళ్ళాడు. పరిగెడుతూ ఏడుస్తున్నాడు.

గుంపులో నుంచి ఒకడు నడుముకి తాడు కట్టుకుని వచ్చాడు. ఊపిరి బిగబట్టి దిగుతానన్నాడు. ఇంకొకడు ద్రాక్ష తీగలకి మందు కొట్టే యంత్రం పైపు తెచ్చి గాలి కొడదామన్నాడు. నేను కిటికీలన్నీ తీయించాను. పైపు దింపి గాలి కొట్టారు. కింద కదలిక లేదు. కొవ్వొత్తి వెలిగించి తీగకి కట్టి మెట్ల మీదికి దించితే రెండో మెట్టు దగ్గరే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు, మళ్ళీ ఆరింది. తాడు కట్టుకున్నవాడు ఆ కొవ్వొత్తినే చూస్తూ నిలబడిపోయాడు. వాడి పెళ్ళాం వచ్చి వాడి చొక్కా పట్టుకుంది.

అప్పుడు ఎవాజియో తేరుకుని మళ్ళీ మాళిగలోకి వచ్చాడు. గోడలు పట్టుకుని వచ్చాడు. వాడి కళ్ళు చూసి నలుగురు పక్కకి తప్పుకున్నారు. ఆ కళ్ళ ముందు ఎవరూ నిలబడలేరు, నేనూ నిలబడలేదు.

క్లేలియా నిలబడింది. గోడకి ఆనించి ఉన్న తలుపుని రెండు చేతులా ఈడ్చింది. దాన్ని తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టింది. కింద నుంచి వస్తున్న వెలుగు ఆగిపోయింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కూర్చుంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

“జరుగు,” అన్నాడు ఎవాజియో. “నా కొడుకు వాడు.”

“నాకూ కొడుకే.”

“బతికే ఉన్నాడేమో. క్లేలియా, బతికే ఉన్నాడేమో, జరగవే.”

ఆమె వీపుతో తలుపుని ఇంకా గట్టిగా అదిమింది.

“ఉంటే మాస్కులున్నవాళ్ళు తెస్తారు. నువ్వు దిగితే వాడు రాడు, నువ్వూ రావు. నేను ఇద్దర్ని ఇవ్వను.”

ఎవాజియో ఆమె తల పక్కన తలుపు మీద పిడికిళ్ళతో గుద్దాడు. గుద్దిన ప్రతిసారీ ఆమె భుజాలు అదిరాయి. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ మాటలు నేనిక్కడ చెప్పను. నలభై ఏళ్ళ కాపురంలో వాడు ఆమెని ఒక్క మాట అనగా ఊరు వినలేదు.

“తిట్టు,” అంది క్లేలియా. “బతికినన్నాళ్ళూ తిట్టుకో. తిట్టడానికి నువ్వుండాలి.”

పిడికిళ్ళు ఆగిపోయాయి. వాడు ఆమె భుజం మీద నుదురు ఆనించాడు. వాడి మోకాళ్ళు వంగబోతుంటే ఆమె వాడి కోటు కాలరు పట్టుకుని పైకి లేపి నిలబెట్టింది. కింద కూర్చోకు, నిలబడు అని చెవిలో చెబుతూనే ఉంది. ఆ ఇద్దరూ అలా ఉన్నంతసేపూ తొట్లు పులుస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడు మీద నాకు అసహ్యం పుట్టింది.

అగ్నిమాపక దళం వాళ్ళు కాసాలే నుంచి పొగమంచులో రావాలి. వాళ్ళు వచ్చేసరికి అక్కడున్న అందరికీ తెలుసు, సిల్వానో ఇక లేడని. వీపున గాలి సిలిండరు, మొహానికి మాస్కు పెట్టుకుని ఒకతను ముందుకొచ్చాడు. అమ్మా, కాస్త జరగండి అన్నాడు. క్లేలియా జరగలేదు. మళ్ళీ అన్నాడు. ఆమె అతని మొహం కేసి చాలాసేపు చూసింది.

ఎవాజియో కాలరు ఒక చేత్తో పట్టుకునే, రెండో చెయ్యి చాచి అతని మాస్కు పట్టీ వెతికింది. చెవి వెనక వదులుగా ఉంది. దాన్ని లాగి బిగించింది. వేలు పెట్టి సందు లేదని చూసుకుంది. అప్పుడు పక్కకి జరిగి దారి ఇచ్చింది.